డిన్నర్ సెట్టు చూసి సంతకం పెట్టకండి

ఏవండీ,

అన్నం, గోంగూర పప్పు టేబుల్ మీద ఉన్నాయి. తిని, మీ ఆధార్ కార్డు తీసుకుని రెండింటికల్లా పొన్నూరు పోస్టాఫీసుకు రండి. మన లహరికి సుకన్య సమృద్ధి ఖాతా తెరుద్దాం. ఫొటోలు తీయించాలని మేం ముందు వెళ్తున్నాం.

ఈలోగా లక్ష్మీకాంత్ అన్నయ్య డిన్నర్ సెట్టు పట్టుకొచ్చి, "పాలసీలో చేరితే ఇది ఫ్రీ బావా, ఇక్కడో సంతకం పడెయ్" అంటాడు. పెట్టకండి. ఆ కాగితాలన్నీ చదివాను. ఒక ఏడు మిర్చి వ్యాపారం దెబ్బతిని మధ్యలో ఆపేస్తే, కట్టిందాంట్లో సగం కూడా వెనక్కి రాదు. పోస్టాఫీసువాళ్లు గిన్నె కూడా ఇవ్వరు. కానీ వడ్డీకీ, చివర్లో చేతికొచ్చే మొత్తానికీ పన్ను లేదు. కష్టమైన ఏడు కొద్దిగా కట్టినా ఖాతా నిలుస్తుంది. యార్డులో బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి రంగు పోయిన తాలుకాయ వెతికే మనిషి, పింగాణీ ప్లేట్లకు మెత్తబడితే ఎలాగండీ?

అన్నయ్యను మాత్రం నొప్పించకండి. కాఫీ ఫ్లాస్కులో ఉంది.

సునంద

ఖాతా కాగితాల మీద సంతకం నేనే పెడదామనుకున్నాను. మీ కూతురు ఒప్పుకుంటేగా! "నాన్నదే కావాలి, నీ సంతకం కోడి గీకినట్టుంటుంది" అంది. బీకాం చదివింది నేను, మెప్పు మీకు. త్వరగా రండి, మీరొచ్చేదాకా కౌంటర్ దగ్గరికి రానంటోంది.