ఎల్లోస్టోన్ అని చెప్పి ఉంటే

డ్రోహెడా,
జులై 9, బుధవారం.

చిరంజీవి సౌభాగ్యవతి వసుంధరకు అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అంటే ఎవరికీ జ్వరాలు లేవు, వేళకి తింటున్నాం, మీ వదిన డ్యూటీకి వెళ్ళొస్తోంది. అంతకు మించి క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది. నువ్వూ బావగారూ కవలలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ చేయకుండా మెయిల్లో ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. చిన్నప్పటినుంచీ అంతే. మొన్న ఆదివారం కూడా అరగంట మాట్లాడి, చివర్లో, “వచ్చే ఆదివారం సహస్ర చేత సారీ చెప్పించు అన్నయ్యా, అప్పుడు గానీ నా మనసు కుదుటపడదు” అన్నావు. నా కూతురి తరఫున నేను ఊఁ అన్నాను. ఆ రోజు నుంచి నాకు కోపం పెరుగుతూనే ఉంది. రోజూ పద్దు రాసుకోవడమే గానీ ఇలా మాటలు రాయడం నాకు అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకుని చదువు. కటువుగా ఉన్నచోట మాత్రం సర్దుకోవద్దు, అక్కడ కటువుగానే రాశాను.

ఫోన్ పెట్టేశాక మళ్ళీ పొడవాటి మెసేజీ పెట్టావు. అందులో అడిగినవాటికి జవాబులు రాస్తాను. “అసలు ఆ పిల్ల అలా ఎందుకు వాగింది?” అన్నదానికి మాత్రం చివర్లో.

వదినకి కోపం తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. పిల్లల్ని ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కి పంపేశారని నేను ఫోన్ చేసినప్పుడు చంద్రకళ ఆసుపత్రి వార్డులో డ్యూటీలో ఉంది. ఏదో ప్రమాదం జరిగిందనుకుందట. ఇప్పుడు నీ పేరెత్తితే ఒకటే మాట అంటోంది. “మీ చెల్లెలికి పిల్లల్ని చూసే మనిషి కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా. యాత్రలెందుకు మధ్యలో?” దానికి జవాబు నీ దగ్గర ఉంటే తనకే చెప్పు.

ఆ యాత్రల సంగతికే వస్తాను. ఫిబ్రవరిలో నువ్వు ఒక జాబితా పంపావు. టీనేజీ పిల్లలతో అమెరికాలో చూడాల్సిన పది చోట్లు. గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్, వాషింగ్టన్ మ్యూజియంలు, హ్యూస్టన్లో రాకెట్లు, ఓర్లాండో, శాన్ డియాగో, ఇంకా ఏవేవో. “స్కూలు ఆఖరి పరీక్షలు, ఆ లీవింగ్ సర్ట్, అవగానే సహస్రనీ నవదీప్‌నీ పంపించెయ్ అన్నయ్యా, రెండు నెలలు తిప్పి పంపిస్తా” అన్నావు. నేను నమ్మాను. నమ్మడమే కాదు, లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి చదివాను. ఇంటర్‌తో చదువు ఆపి, తర్వాతి చదువంతా నా అంతట నేను చదువుకున్నవాణ్ణి. పుస్తకమంటే నాకెంత గురో నీకు తెలుసు. ఎల్లోస్టోన్లో నేలలోంచి వేడినీళ్ళు ఎందుకు ఎగజిమ్ముతాయో, కాన్యన్‌ని ఆ నది ఎన్ని లక్షల ఏళ్ళు కోసిందో భోజనాల దగ్గర పిల్లలకి చెప్పేవాణ్ణి. అమెరికా పటం తెచ్చి వంటింటి ప్రెస్ తలుపుకి అంటించాను. ఇక్కడ ఐరిష్ వాళ్ళు కప్‌బోర్డుని ప్రెస్ అంటారు. పప్పు డబ్బా తీయడానికి వచ్చినప్పుడల్లా మీ వదిన టెక్సస్‌ని పక్కకి జరపాల్సి వచ్చేది. నాన్న టూర్ గైడ్ అయిపోయాడని నవదీప్ నవ్వేవాడు. కానీ వాడు కూడా హ్యూస్టన్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళవాడు. రాకెట్ పక్కన నిలబడి ఫొటో దిగాలని వాడి ఆశ.

బావగారు పోయిన గురువారం పలకరించడానికి ఫోన్ చేశారు. ఆయన మంచి మనిషి, దాపరికం తెలియదు. ముందు ఎక్కడికి తీసుకెళ్దామనుకున్నారని నేనే అడిగాను. ఎల్లోస్టోనా అని అడిగాను. “అది మా ఊరినుంచి రెండ్రోజుల డ్రైవు బావా. నాకు నవంబరు దాకా సెలవే లేదు. వసు ఏం చెప్పిందో మరి” అన్నారు. హ్యూస్టన్ మీకు నాలుగైదు గంటల దూరమట. అదైనా అనుకున్నారా అంటే, అదీ లేదు.

ఒక్క చోటు కూడా అనుకోలేదు వసూ. ఆ జాబితా చూపించడానికి కాదు, చెప్పడానికి. ఎయిర్‌పోర్టు ఇమిగ్రేషన్ కౌంటర్లో కూర్చున్నవాడు అడిగితే చెప్పడానికి. నీ మెసేజీలో నువ్వే రాశావు. “ఎల్లోస్టోన్ అని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది కదా, పదిహేడేళ్ళ పిల్లకి ఆ మాత్రం తెలివి లేకపోతే ఎలా?” అన్నావు. ఆ వాక్యం నేను చాలాసార్లు చదివాను. చూడటానికి అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఇక నువ్వు వినని సంగతి ఒకటుంది. జూన్ 28న ఏం జరిగిందో నీకు సహస్ర కౌంటర్లో అన్న ముక్క ఒక్కటే తెలుసు. డబ్లిన్లో అమెరికా వాళ్ళ తనిఖీ ఇక్కడే, విమానం ఎక్కకముందే జరుగుతుంది. ఇక్కడ ముద్ర పడితే అక్కడ దిగి సూటిగా బయటికొచ్చేయొచ్చని నువ్వే చెప్పావు. పిల్లలిద్దరూ చేతులూపి లోపలికి వెళ్ళారు. విమానం కదిలేదాకా ఉందామని నేను కింద కాఫీ తీసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఎవరో ఫోన్ చేసి, పేరడిగి, వచ్చి మీ పిల్లల్ని తీసుకెళ్ళండి అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. మర్యాదగా అన్నందుకు ఇంకా భయమేసింది.

కౌంటర్లో అతను, అక్కడ ఏం చేయబోతున్నావని సహస్రని అడిగాడట. అత్త కవలల్ని చూసుకుంటాను, పొద్దున ఏడింటినుంచి సాయంత్రం ఆరుదాకా అంది. పక్క గదిలో కూర్చోబెట్టి మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అంది. చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళు పని చేయకూడదు, పిల్లల్ని చూసుకోవడం కూడా పనేనని చెప్పి, ఇక్కడి పాస్‌పోర్టుతో వీసా లేకుండా వెళ్ళే అనుమతి తీసేశారు. నవదీప్‌లో తప్పేమీ లేదు గానీ, వాణ్ణి ఒక్కణ్ణీ పంపరు కదా. అసలు వాణ్ణి ఎందుకు పిలిచావో నాకు ఇప్పుడు అర్థమైంది. ఆడపిల్ల ఒక్కతే వస్తే అనుమానిస్తారు, తమ్ముడు వెంట ఉంటే సెలవుల ప్రయాణంలా కనబడుతుంది. వాడికి ఈ మాట నేను చెప్పలేదు. వాడే కనిపెట్టాడు. “సో ఐ వాజ్ ద డిస్గైజ్” అన్నాడు, నవ్వుతూనే. అంటే తనని వేషం కింద వాడుకున్నారని. ఆ తర్వాత రెండు రోజులు గదిలోంచి రాలేదు.

కారులో ఇంటికి వస్తూ నేనేం చేశానో కూడా రాస్తాను. ఎం వన్ హైవే ఎక్కింది మొదలు డ్రోహెడా వచ్చేదాకా సహస్రని తిట్టాను. నోరు అదుపులో పెట్టుకోవడం తెలియదా, నోరు తెరిస్తే ఏమవుతుందో ఆలోచన లేదా అన్నాను. నువ్వన్న మాటలే, నీకంటే ముందు నేనన్నాను. తను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. భయపడి అలా ఉందనుకున్నాను.

డిసెంబరుకి వీసా పెట్టించి పంపుతావా అని అడిగావు. ఇకమీద సహస్ర ఎప్పుడు అమెరికా వెళ్ళాలన్నా వీసా అడగాలి, అడిగిన ప్రతిసారీ, ఒకసారి మీ దేశం నన్ను తిప్పి పంపిందని ఒప్పుకోవాలి. చదువుకి వెళ్ళినా అంతే, పెళ్ళయ్యాక మొగుడితో వెళ్ళినా అంతే. నీకు రెండు నెలలు మనిషి దొరకనందుకు ఆ పిల్ల మోయాల్సిన బరువది. సారీ ఎవరు చెప్పాలో ఇప్పుడు నువ్వే ఆలోచించు.

కవలలతో ఉద్యోగం ఎంత కష్టమో నాకు తెలియక కాదు. మీ అత్తగారు వెనక్కి వెళ్ళిపోయారు, ఆఫీసుకి రమ్మంటున్నారు, క్రెష్‌లో చోటు లేదు. అవన్నీ నిజాలే. “అన్నయ్యా, నాకు దిక్కు తోచడం లేదు” అని ఒక్కసారి అని ఉంటే వేరే ఏదో ఆలోచించేవాళ్ళం. మీ వదిన సెలవు పెట్టి వచ్చి ఉండేది, నిన్ను తిట్టుకుంటూ అయినా వచ్చేది. నువ్వు అడగలేదు. ఆశ పెట్టావు. అడిగితే కాదంటారని, ఆశ పెడితే పరిగెత్తుకొస్తారని లెక్క వేశావు. ఆ లెక్క నా విషయంలో సరిగ్గా సరిపోయింది. నాకు ఎక్కువ మండుతున్నది అక్కడే.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. ఎందుకు వాగింది?

నువ్వు ఫోన్ పెట్టేశాక, అంటే మొన్న ఆదివారం మధ్యాహ్నం, సహస్రని క్లోహర్‌హెడ్ సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళాను. అత్తకి సారీ చెప్పమని ఒప్పించడానికే. జల్లు పడుతోంది, కారులోనే కూర్చున్నాం. పెద్దవాళ్ళ దగ్గర తగ్గితే తప్పులేదమ్మా, తెలియక నోరు జారావు, ఒక్క మాట అనెయ్ అన్నాను. మా పిల్లలు తెలుగు అర్థం చేసుకుంటారు గానీ జవాబు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఇస్తారని నీకు తెలుసు. ఆ రోజు సహస్ర తెలుగులో మాట్లాడింది. పదాలు వెతుక్కుంటూ, ఒక్కొక్కటీ తెచ్చి ముందు పెట్టినట్టు.

“తెలియక కాదు డాడీ. తెలిసే చెప్పా.”

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

“అత్త ముందు రోజు కాల్ చేసి ప్రాక్టీస్ చేయించింది. టెన్ ప్లేసెస్ వరసగా నాకు వచ్చు. ఇప్పుడు కూడా చెప్తా కావాలంటే. చెప్పలేదు, అంతే. నాకు వెళ్ళడం ఇష్టం లేదు. మీకు చెప్తే వినలేదు. అమ్మకి చెప్తే డాడీనడుగు అంది. అత్తకి చెప్తే నవ్వింది. నువ్వు ఏం చేస్తావమ్మా అని కౌంటర్లో ఆయనొక్కడే అడిగాడు.”

వసూ, ఆ పిల్ల నాకు నిజంగానే చెప్పింది. మేలో, పరీక్షల ముందు. స్నేహితురాళ్ళు నలుగురు పరీక్షలయ్యాక డోనెగల్ సముద్రపు ఒడ్డున మొబైల్ హోమ్ అనే చక్రాల ఇల్లొకటి అద్దెకి తీసుకుంటున్నారు, వెళ్తానంది. అమెరికా చూపిస్తామంటే డోనెగల్ ఏమిటే అన్నాను. “అత్త ఏమందంటే” అని ఏదో మొదలుపెట్టింది. అత్త మన కోసం ఇంత చేస్తుంటే మాట్లాడకు అన్నాను. అప్పటికి నువ్వు తనకి కవలల సంగతి చెప్పేశావు. నాకు తెలియకుండా, నా కూతురికి. అది నాకు చెప్పబోతే నేను నోరు మూయించాను. నేనూ మీ వదినా నువ్వూ, ముగ్గురు పెద్దవాళ్ళం చెవులు మూసుకుంటే, యూనిఫామ్ వేసుకున్న పరాయివాడి ముందు నిలబడి తన మాట తను చెప్పుకుంది. దాని వల్ల ఏమవుతుందో మొత్తం తెలియదట. వెనక్కి పంపుతారని మాత్రం తెలుసట. అది జన్మంతా వెంటే ఉంటుందని నేను చెప్పాక చాలాసేపు వైపర్ల కేసి చూసింది. తర్వాత, “అయినా అదే చెప్పేదాన్ని” అంది.

ఇది నీకు రాయొచ్చా అని అడిగాను. రాయండి అంది. అడక్కుండా రాసేవాణ్ణి కాదు.

కాబట్టి మొన్న నేను అన్న ఊఁ వెనక్కి తీసుకుంటున్నాను. సహస్ర నీకు సారీ చెప్పదు. నేను చెప్పించను. మన చుట్టాల్లో ఎవరితోనైనా ఈ పిల్ల నోరు మంచిది కాదని నువ్వు అన్నట్టు నా చెవిన పడితే, ఈ ఉత్తరం వాళ్ళకి నేనే పంపిస్తాను. బెదిరింపని అనుకున్నా సరే. అత్తగా నువ్వు తనతో మాట్లాడాలనుకుంటే, తను మాట్లాడతానన్నప్పుడు మాట్లాడు. డిసెంబరైనా, పై ఏడాదైనా, రమ్మని పిలవాలంటే తననే పిలువు, నన్నడగొద్దు. రానంటే రానన్నట్టే.

కవలలకి నా ముద్దులు. ఆఫీసు వాళ్ళు ఇంకో నెల ఇంటినుంచి పని చేసుకోనిస్తారేమో కనుక్కో. చంద్రకళకి మీ ఊరి దగ్గర ఫ్రిస్కోలో తనతో చదివిన నర్సు ఒకావిడ ఉంది. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెబుతుందట. కోపంలోనే ఉంది, అయినా ఆ నంబరు ఇమ్మంది. విడిగా మెసేజీ పెట్టాను.

స్నేహితురాళ్ళు ఇంకా డోనెగల్లోనే ఉన్నారు. శనివారం ఉదయం సహస్రని నేనే కారులో దింపి వస్తాను. ఆదివారం నువ్వు ఫోన్ చేసే వేళకి తను ఇంట్లో ఉండదు. సముద్రంలో ఉంటుంది. ఫోన్ నేను తీస్తాను.

ఇట్లు,
మీ అన్నయ్య
రంగనాథ్