పైదే అని రాసిన అట్ట

జూలై 5, 1982. సోమవారం

ధర్మవరం నుంచి వచ్చేసరికి హాస్టలు గదికి సున్నం కొట్టేశారు. తెల్లగా, ఆస్పత్రిలాగా ఉంది. నా పెట్టె తలుపు వెనక. మూత లేదు. లోపల నేను నోట్సు రాసుకున్న అట్టలన్నీ అంచులు కలిపి, కట్టలు కట్టి, నారతాడు బిగించి... ఎంత చక్కగా! అంత చక్కగా నేనెప్పుడూ పెట్టలేదు.

సున్నం కొట్టే ఆమె బకెట్టు పట్టుకుని వాకిట్లో నవ్వుతూ నిలబడింది. "జరిపేటప్పుడు పెట్టె బోర్లపడిపాయనమ్మా. అన్నీ ఏరి సర్ది పెట్టినా. ఒక్కటి గూడా పోలేదు, చూసుకో."

ఒక్కటీ పోలేదు. వరస పోయింది. నాలుగేళ్ళ వరస.

ఆమెను ఏమనాలి? మంచిపని చేశాననుకుంటోంది. "సరేలేమ్మా" అన్నాను. కోపం మాత్రం ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. సున్నం వాసనకు తల పగిలిపోతోంది.

జూలై 6

సుగుణకు — నా గదిలోనే ఉంటుంది, ఎకనామిక్స్ — పొద్దున్నుంచీ నా మొహం అర్థం కావడం లేదు. "అన్నీ ఉండాయి గదా మే, ఏంటికట్ల కూర్చున్నావు?"

ఒక అట్ట తీసి ఇచ్చాను. చదివింది. "పైదే, పుట 88." ఇంకొకటి ఇచ్చాను. "పైదే." ఇంకొకటి. "పైదే, పుట 212."

"ఏది పైది?"

"అదే కదా..."

"ఎవరన్నా ఇట్ల రాస్తారామ్మే! ప్రతిదాని మీదా పుస్తకం పేరు రాయాల. మొదటిరోజే చెప్తారు ఎవరికైనా." అట్టను వెలుతురుకు పెట్టి చూసింది. "ఈ చిల్లులేంది?"

మగ్గం అట్టలని చెప్పాను. జకార్డు పెట్టె మీద తిరిగేవి. ఆ చిల్లుల ప్రకారమే చీర అంచులో పువ్వు పడుతుందని. "అయితే నువ్వు చీర నేస్తాండావా, థీసిస్ రాస్తాండావా?" అని పడీపడీ నవ్వింది. నవ్వనీ.

ఆమెకు చెప్పలేనిది ఇక్కడ రాస్తాను. మా ఇంట్లో ఒంటరి అట్టను నేనెప్పుడూ చూడలేదు. ఒకదానికొకటి దారంతో కుట్టి, గొలుసులాగా మగ్గం పైనుంచి వేలాడతాయి. ఒకటి పోతే దాని వెనకది వస్తుంది. ఏ అట్టా తన చోటు వదిలి పోదు. ఎలుకలు దారం కొరికేసిన పాత డిజైను అట్టలు గోనెసంచి నిండా పోసి ఇచ్చాడు నాయన. "రాసుకో పాపా, గట్టి అట్టలు, నీ తర్వాత గూడా ఉంటాయి" అన్నాడు. చేతికొచ్చింది చేతికొచ్చినట్టు తీసి, వెనకవైపు చిల్లుల్లేని చోట రాసుకుంటూ పోయాను. పైది పైనే ఉంటుందని ధీమా. నేతవాళ్ళ ఇంట్లో పుట్టకపోయుంటే ఈ తప్పు చేసేదాన్నే కాదు.

జూలై 8, గురువారం

రెండు రోజుల్లో చాలావరకు దారికొచ్చాయి. కొన్నిటికి పుట నంబర్లు గుర్తు, కొన్నిటికి సిరా గుర్తు. మిగతావి లైబ్రరీకి పోతే దొరుకుతాయి.

ఒక్కటి తప్ప. పోయి పోయి అదే!

తెల్లదొరల కాలంలో కరువు పనులకు వచ్చిన ఆడవాళ్ళ మాట. కూలి సంగతి తర్వాత, మేము తవ్వే చెరువు మట్టి మా చేలకు తోలుకోనివ్వండి అని దొరను అడిగారట. ఎవరో రాసిపెట్టారు. ఆ మాట కింద నా దస్తూరీ, "పైదే". పుట నంబరు కూడా లేదు. ఏం పొగరు నాకు!

మా గైడు సార్ కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టారు. అంటే కోపమొచ్చినట్టు. "నాలుగో అధ్యాయమంతా ఈ మాట మీద నిలబెట్టినావమ్మా. ఏ రిపోర్టు? ఏ సంవత్సరం?"

"వెతుకుతున్నాను సార్."

"ఆగస్టు ముప్పై ఒకటికి నీ రిజిస్ట్రేషన్ అయిపోతాది. ఇంకోసారి పొడిగించమని నేను అడగలేను. మూలం చూపించు, లేదంటే ఆ మాట తీసెయ్."

తీసేస్తే అధ్యాయం లేదు. అధ్యాయం లేకపోతే థీసిస్ లేదు. అది సార్‌కూ తెలుసు. లేచేటప్పుడు మెత్తబడ్డారు. బయటి దేశాల్లో పుస్తకాల పేర్లన్నీ కంప్యూటరుకు ఎక్కిస్తారంట, ఏ మాట యాడిదో అడిగితే చెప్తాదంట. "అది గూడా చిల్లుల అట్టలు తినేదేనమ్మా" అని నవ్వారు.

నా అట్టలకూ చిల్లులున్నాయి. అవి మాత్రం ఏమీ చెప్పడం లేదు.

జూలై 9

గాలి. పొద్దున్నుంచీ గాలి. వాన లేదు, ఉత్త దుమ్ము. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

జూలై 13, మంగళవారం

కలెక్టరాఫీసు రికార్డు రూములో పల్చటి పుస్తకాలన్నీ తిరగేశాను. ఎందుకంటే నేను చదివింది పల్చటి పుస్తకం. పేరు గుర్తు లేదు, రంగు గుర్తు లేదు, చేతికి ఆ బరువు గుర్తుంది. ఎడమవైపు పుట, అడుగున. మద్రాసులో చూశానా? మొదటి ఏడాది నెల రోజులు అక్కడే ఉన్నాను కదా... మద్రాసు మాట ఎత్తితే సార్ "ఇప్పుడా? టైపు ఎప్పుడు, బైండింగు ఎప్పుడు?" అన్నారు. నిజమే.

సుగుణ: "ఇంతెందుకు మే. మా అమ్మ ఇప్పుడు కంబదూరు చెరువు పనికే పోతాంది. ఆయమ్మ గూడా మట్టి కావాలనే అంటాది. మా అమ్మ పేరు రాసుకో, పో."

"మీ అమ్మ ఇప్పుడు అంటోంది. వీళ్ళు అప్పుడు అన్నారు."

"అప్పుడైతే ఏమి, ఇప్పుడైతే ఏమి? చెరువు అదే, మట్టి అదే."

విసుక్కున్నాను. పాపం, ఆమె తప్పేముంది?

జూలై 17, శనివారం. ధర్మవరం

హాస్టలు గదిలో ఉండలేక పెట్టె ఎత్తుకుని పాసింజరు ఎక్కాను. మా ఇంటి నడవలో అట్టలు పరుచుకోవడానికి చోటుంటుంది. మగ్గం ఖాళీ. పట్టు రావడం లేదు, పనీ లేదు. నాయన పొద్దంతా అరుగు మీద కూర్చుని పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ పలకరిస్తున్నాడు. ఆ చేతులు అట్లా ఒళ్ళో పడి ఉండడం చూడలేను.

జూలై 18, ఆదివారం

ఎక్కడ రాయను దీన్ని...

పొద్దున అమ్మతో మేనత్త ఇంటికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి నడవలో ఈ చివర నుంచి ఆ చివరకు — నా అట్టలు. కుట్టేశాడు! కొత్త దారంతో, ఒకదానికొకటి, గొలుసు. చివరి ముడి వేస్తూ తలెత్తి చూశాడు నాయన. మొహం వెలిగిపోతోంది. ఎన్ని నెలలైందో ఆ మొహం చూసి.

"వరస పోయిందని ఏడుస్తాంటివంట గదా. మీ అమ్మ చెప్పింది. వరస యాడికి పోతాది పాపా? ప్రతి అట్ట చివరా నంబరు ఉండాది గదా. మీ తాత వేసిన నంబర్లు. మామిడిపిందెల అంచు ఇది. చూడు, ఒక్కటి గూడా తప్పలేదు."

తప్పలేదు. మామిడిపిందెల వరస తప్పలేదు. నా వరస — ఈ పదిరోజులు పడి పడి కూర్చుకున్నది కూడా — మొత్తం పోయింది.

అమ్మ నా మొహం చూసింది. నేను నాయన మొహం చూశాను.

"బాగుంది నాయనా" అన్నాను.

"ఇంగేం, అన్నం తిను" అన్నాడు.

తిన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియక ఆవకాయ కారం మీద వంక పెట్టి కళ్ళు తుడుచుకున్నాను.

జూలై 20, మంగళవారం. అనంతపురం

గొలుసు మడిచి మూట కట్టి తెచ్చాను. హాస్టలు వసారాలో పరిచాం, సుగుణ ఒక కొస పట్టుకుంది. ఏదో చూద్దామని ఆ అట్ట దగ్గరికి పోయాను. ఆడవాళ్ళ మాట. "పైదే." దానికి పైన, మా తాత నంబరు ప్రకారం దాని ముందు కుట్టిన అట్ట మీద — జిల్లా కరువు పనుల రిపోర్టు, రెండో సంపుటం.

సుగుణ చప్పట్లు కొట్టింది. "దొరికిపాయ! మీ నాయన దేవుడు మే."

రెండు అట్టలూ మళ్ళీ చదివాను. ఎంత బాగా అతికింది! సంవత్సరం సరిపోతుంది, ఊర్లు సరిపోతాయి, దొర సరిపోతాడు. పుట నంబరొక్కటి వేస్తే చాలు.

కానీ ఆ రెండో సంపుటం ఇటుకలాగా ఉంటుంది. నేను చదివింది పల్చటిది.

లేక నా చేతులే మర్చిపోయాయా?

జూలై 22

సార్‌కు చెప్పాను. అంతా చెప్పాను, కుట్టిన సంగతితో సహా. కళ్ళజోడు తీయలేదు. "సరిపోతాది కదమ్మా. వేసెయ్. ఎవరు పోయి చూస్తారు?"

ఎవరు చూస్తారు... ఎవరైనా చూస్తారనే కదా సార్ ఈ పనంతా? అనలేదు.

జూలై 26, సోమవారం

చూసేస్తే పోతుందని రికార్డు రూముకు పోయాను. గుమాస్తా బీరువా తెరవకుండానే చెప్పాడు. "రెండో సంపుటమా? బైండింగుకు పోయినాదమ్మా."

"ఎప్పుడొస్తుంది?"

"వచ్చినప్పుడొస్తాది."

ఆ మనిషిని కొట్టాలనిపించింది. బస్సు కూడా ఎక్కకుండా ఎండలో నడిచి వచ్చాను.

ఆగస్టు 3

మబ్బులు వచ్చి చూసి పోయాయి. వేరుశనగ బుడ్డలు విత్తినవాళ్ళ గతి ఏమో. సుగుణ వాళ్ళ అమ్మ ఇంకా చెరువు పనిలోనే ఉందట.

ఆగస్టు 8, ఆదివారం

హాస్టలు గేటు దగ్గర నాయన! తెల్ల చొక్కా వేసుకుని, ఎవరో చుట్టాన్ని చూడ్డానికి వచ్చినట్టు మొహమాటంగా నిలబడ్డాడు. ఆరోజు గొలుసు కుడుతుండగా వీధిలో పోయే షావుకారు చూశాడట. పాత మామిడిపిందెల అంచు ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నారట. పట్టు తానే ఇస్తానన్నాడట.

"ఆ అట్టలతో నీ పని అయిపోతేనే పాపా. కాకుంటే వద్దు. నేను ఇంగోటి చూసుకుంటా."

ఇంకోటి ఎక్కడుంది? నాకు తెలియదా?

"వచ్చే ఆదివారం రా నాయనా. తీసుకుపోదువు గాని."

ఆగస్టు 9 నుంచి... ఏ రోజో

అట్టల మీదివన్నీ కాగితాల మీదికి ఎత్తి రాస్తున్నాను. ఈసారి ప్రతి మాట పక్కనా పుస్తకం పేరు పూర్తిగా. వేళ్ళు వాచాయి. బుద్ధొచ్చిందా? వచ్చింది.

ఆ ఒక్క మాట పక్కన ఖాళీ వదిలాను.

ఆగస్టు 15, ఆదివారం

నాయన వచ్చి మూట భుజానికెత్తుకుపోయాడు. వద్దన్నా టీ తాగించి పోయాడు. పెట్టె ఖాళీ. గదిలో ఏదో పోయినట్టుంది.

ఆగస్టు 24, మంగళవారం

రహీం సాబ్ టైపు చేస్తున్నారు. మంచి వేగం. నాలుగో అధ్యాయం దగ్గర ఆగి, కాగితం కొంచెం పైకి తిప్పి చూపించారు. "ఈ నోటు కింద ఏం లేదు బేటీ. ఏం కొట్టాల?"

"తర్వాత చెబుతాను సాబ్."

"జాగా వదిలి పెడతా. ఒక లైను చాలునా?"

ఒక లైను చాలు.

సుగుణకు ఓపిక అయిపోయింది. "నీ పట్టుదల చూస్తే ఒళ్ళు మండుతాంది మే! రెండో సంపుటమేనేమో, ఎవరికి తెల్సు? వేసి పారెయ్."

అదే భయం. రెండో సంపుటమే కావచ్చు. కాకపోతే? ఆ కాగితాల్లో ఎక్కడా ఆడవాళ్ళ పేర్లు లేవు, తలల లెక్కలు తప్ప. వాళ్ళు నోరు తెరిచి అడిగిన మాట నాకు దొరికింది అదొక్కటే. నేను తప్పు చోటు చూపిస్తే, రేపు ఎవరో పోయి వెతికి, లేదంటారు. ఈమె కల్పించింది అంటారు. నేను అబద్ధమైతే పోనీ. వాళ్ళు అబద్ధమైపోతారు.

తీసేసినా అంతే కదా. అప్పుడు వాళ్ళు అసలు లేనే లేరు.

చెప్పాను ఇదంతా. సుగుణ వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత "మా అమ్మతో చెప్తా, నీ కోసం ఒకామె ఇట్ల కొట్లాడతాందని" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆగస్టు 29, ఆదివారం. ధర్మవరం

ఉండబట్టలేక పోయాను. వీధి మొదట్లోనే మగ్గం చప్పుడు. మా ఇంటిదే!

నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. కాలితో తొక్కిన ప్రతిసారీ పైన ఒక అట్ట తిరుగుతోంది. నా దస్తూరీ పైకి లేచి, ఒరిగి, అవతలికి పోతోంది. పుస్తకాల పేర్లు, పుటలు, కరువులు... కింద అంచులో మామిడిపిందెలు, ఎర్రటి పట్టు మీద జరీ. ఒక్కటీ వంకర లేదు.

ఒక అట్ట దగ్గర నాయన కాలు ఆపాడు. ఆయనకు చదువు అక్షరం అక్షరం కూడబలుక్కునేంతే. "పై... దే. ఏంది పాపా ఇది? శానా చోట్ల రాసినావు."

"ముందు అట్ట మీద ఏది ఉందో, ఇదీ దాంట్లోదే అని గుర్తు నాయనా."

చెయ్యి పైకి చాపి, ముందు అట్టను వేలితో ముట్టి చూపించాడు. "ఇదే గదా అయితే."

చెప్పొచ్చు. కాదు నాయనా, నువ్వు కుట్టిన వరస వేరు, నేను రాసిన వరస వేరు అని. మగ్గం ఆగి ఉంది. అమ్మ వంటింట్లోంచి చూస్తోంది.

"ఊఁ" అన్నాను.

మళ్ళీ తొక్కాడు. అట్ట అవతలికి పోయింది.

ఆగస్టు 30, సోమవారం. అనంతపురం

రహీం సాబ్ దుకాణంలో కూర్చుని రాస్తున్నాను. అంతా అయిపోయింది, రేపు ఇచ్చేయాలి. ఆ ఒక్క పుట యంత్రంలో ఎక్కించి, ఖాళీ లైను దగ్గరికి తెచ్చి పెట్టారు.

సార్‌కు ఎదురు చెప్పకపోవడం వేరు, సాబ్‌కు "తర్వాత చెబుతాను" అనడం వేరు. నాయనకు చెప్పిన "ఊఁ" మాత్రం పొద్దున్నుంచీ చెవిలో తిరుగుతోంది. అది అబద్ధమే. ఆయనకు చెప్పినందుకు బాధ లేదు, మళ్ళీ అడిగినా అదే చెబుతాను. కానీ ఒకసారి చెప్పిన నోటికి రెండోసారి ఎంత సులువో నిన్ననే తెలిసింది.

"ఈ మాట నేను చదివాను, ఎక్కడో పోగొట్టుకున్నాను" అని కొట్టమంటే? సార్ సంతకం పెట్టరు. "రెండో సంపుటం" అని కొట్టమంటే చక్కగా సరిపోతుంది. లైను కూడా సరిగ్గా పడుతుంది.

"చెప్పు బేటీ" అన్నారు సాబ్, వేళ్ళు మీటల మీద పెట్టి. కాసేపు చూసి, టీ తాగి వస్తానని లేచి పోయారు.

వచ్చేలోపు తేల్చుకోవాలి.