తాగే నీళ్లు

రేగులగుంపు,
18 మే 2025.

సంగీతక్కకు నమస్కారం.

బాగున్నామని రాద్దామని కూర్చున్నాను గానీ చేయి రావడం లేదు. మేడం అంటే పలకనన్నావు కాబట్టి అక్కా అనే రాస్తున్నాను. ఇక్కడ సిగ్నల్ సంగతి నీకు తెలిసిందే, అందుకే ఖమ్మం వచ్చే సుజాత టీచరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మీ ల్యాబ్ రిపోర్టు వచ్చినప్పటి నుంచి గుంపు జనమంతా మా బోరు దగ్గరే ఉంటోంది. భూమిలోని రాళ్ల నుంచి నీళ్లలోకి దిగే యురేనియం అందరిళ్లలోనూ హద్దు దాటిందనీ, మా ఇంటి నీళ్లు మాత్రం మంచివనీ చెప్పావు కదా. మిగతా బోర్లకు తాగొద్దని ఎర్రరంగు పూసి పోయారు. ఎండలకు మా బోరు కూడా ఆగి ఆగి పోస్తోంది. ఇంకో దారి చూపించమని మీ సార్లకు నువ్వే గట్టిగా చెప్పాలి.

పక్కింటి పోతయ్య మామకు కిడ్నీలు చెడిపోయాయి. అది నీళ్ల వల్లేనని ఖాయంగా చెప్పలేమన్నావు. ఆయనకు మాత్రం అనుమానమే లేదు. ఎర్ర పంపు దిక్కు చూసి, ఇన్నేండ్లు దీన్నే తాగిన గదా బిడ్డా అంటాడు. ఇప్పుడు రోజూ ఆయన బిందె నేనే నింపుతున్నాను. మీ నీళ్లు తాగినంక పాణం జర నిమ్మళించిందని దండం పెడుతుంటే సిగ్గేస్తోంది.

మొదటిసారి నువ్వు సీసాలతో వచ్చినప్పుడు నేను అశ్వారావుపేట పామాయిల్ తోటలో కూలికి పోయాను. మా అత్త జంపక్క నిన్ను ఇప్పటికీ తలుచుకుంటుంది. పట్నం పిల్లయినా మర్యాద తెల్సినదంటుంది. ఈసారి వస్తే అన్నం తినకుండా పోనివ్వం.

నీ చెల్లెలు,
ప్రమీల

తా.క.: ఉత్తరం మడుస్తుంటే, నీకేం రాశానని అత్త అడిగింది. చదివి వినిపించాను. మన బోరు నీళ్లు ఎప్పుడు పట్కపోయింది ఆ పిల్ల, అని నన్నే అడిగింది. సీసా చేతికిచ్చి తాగే నీళ్లు నింపమన్నావట. తొవ్వల దూపైతదని, దారిలో తాగడానికి అడిగావనుకుందట. ఇంటికొచ్చిన మనిషికి బోరు నీళ్లు ఎట్ల ఇస్త, అంది. వాగు ఇసుకలో తవ్విన చెలమ నుంచి తెచ్చి, చుట్టాల కోసం విడిగా దాచే కుండ ఒకటుంది మాకు. నీ సీసాలో పోసింది ఆ నీళ్లు.

మా బోరును ఇంతవరకు ఎవరూ కొలవలేదక్కా. వాగు ఎండిపోయింది, చెలమలో తడి కూడా లేదు. పోతయ్య మామ బిందె పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఏం చెప్పమంటావు?