శ్రుతి దిగిన గొంతు ఎవరిది?

అమ్మకు నమస్కారాలు.

నా ఒళ్లు కులాసాగా ఉంది. మనసు సంగతి ఉత్తరం సగం దాటాక చెబుతాను, కంగారుపడకు. నువ్వు, నాన్న, అమ్మమ్మ బాగున్నారనీ, తమ్ముడు నా అల్మరా జోలికి పోలేదనీ తలుస్తున్నాను. పోయే ఉంటాడని నా అనుమానం. ఈ మధ్య నాకు అన్నిటి మీదా అనుమానమే. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. భోజనం ఫరవాలేదు, ఉప్పు మాత్రం వంటమనిషి చేతిలో లేదు, ఆవిడ కోపం చేతిలో ఉంది. పరుపు గట్టిది, నిద్ర గాఢమైంది. గొంతుకి మఫ్లరు చుట్టుకునే పడుకుంటున్నాను. తెల్లారేసరికి అది మంచం కింద ఎందుకుంటుందో నన్నడక్కు. పాఠాలు అర్థమవుతున్నాయి. మా శిక్షణ కాలేజీ నుంచి నన్నొక్కదాన్నే పంపారు కనుక ఇక్కడ అందరికంటే చిన్నదాన్ని. మిగతా వాళ్లంతా నీలాగా ఏళ్ల తరబడి బళ్లలో సంగీతం చెబుతున్నవాళ్లు. కోర్సు అయిపోయాక ఒక్కొక్కరి గురించి వాళ్ల బడికి అభిప్రాయం రాసి పంపుతారట. అందుకని జుట్టు నెరిసినవాళ్లు కూడా పరీక్షకి వెళ్లే పిల్లల్లా గోళ్లు కొరుక్కుంటున్నారు.

వచ్చే నెల రెండో జట్టుకి నీ పేరు ఇవ్వమని మీ హెడ్‌మాస్టరు తొందరపెడుతున్నారని రాశావు. ఇవ్వనా వద్దా అని నన్నడిగావు. అమ్మా, దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఇక్కడ జరిగింది మొత్తం చదివాక నువ్వే తేల్చుకో.

ఈ కోర్సు నడిపే మేడమ్‌కి మేం పెట్టిన పేరు పిల్లి మేడమ్. మెత్తటి బూట్లతో, అడుగు చప్పుడు లేకుండా తిరుగుతారు. మనం ఆవిడ గురించి మాట్లాడుతున్నప్పుడు మన వెనకే ఉంటారు. రోజూ మాలో ఒకరు పాట నేర్పాలి, మిగతావాళ్లు పిల్లల్లా బెంచీల మీద కూర్చుని పాడాలి. ఇందులో వింతేం లేదు. వింత ఏమిటంటే, మొదలుపెట్టే ముందు నేర్పేవాళ్లని తలుపు బయటికి పంపేస్తారు. మేం కళ్లు మూసుకుంటాం. పిల్లి మేడమ్ బెంచీల మధ్య తిరిగి ఎవరో ఒకరి భుజం తాకుతారు. తాకించుకున్నవాళ్లు పాటంతా వెంట్రుకవాసి కిందికి దించి పాడాలి. బయటి నుంచి వచ్చినవాళ్లు ఆ దిగిన గొంతు ఎవరిదో పట్టుకోవాలి. గదినిండా పిల్లలు పాడుతుంటే శ్రుతి తప్పినవాడి పక్కకి తిన్నగా వెళ్లి నిలబడగలిగినవాళ్లే టీచర్లు అని ఆవిడ సిద్ధాంతం.

సిద్ధాంతం మంచిదే. మా బతుకు మాత్రం దొంగా పోలీసూ ఆట అయిపోయింది. టిఫిను బల్ల దగ్గర కూడా ఒకరినొకరు ఓరకంట చూసుకుంటున్నాం. నోరు చిన్నగా తెరిచినా అనుమానమే, మరీ పెద్దగా తెరిచినా అనుమానమే. నవ్వితే ఎందుకు నవ్వాడని, నవ్వకపోతే ఎందుకు బిగుసుకున్నాడని. బ్యాండు మాస్టారు అని ఒకాయన ఉన్నారు, పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద గొంతు. ఆయన్ని ఎవరూ తాకకపోయినా రోజూ ఎవరో ఒకరు పట్టుకుంటారు. “ఇది మా అమ్మ కన్న గొంతమ్మా. దీన్ని పట్టుకుని దొంగ అంటే నేనెవరితో చెప్పుకోను?” అని ఆయన మొర.

నాకు మాత్రం ఆయన మీద కాదు, నా గదిలో ఉండే ఆవిడ మీద అనుమానం. నీకంటే ఒకటి రెండేళ్లు చిన్న. వచ్చిన రోజే మేడమ్ గీడమ్ అనొద్దు, పిన్నీ అని పిలువు అన్నారు. మంచిదే అనుకున్నాను. తర్వాత చూద్దును కదా, ఆవిడ నా మీంచి కన్ను తియ్యరు. మాట్లాడితే నా కళ్లలోకి కాదు, నోట్లోకి చూస్తారు. బెంచీ మీద ఎడమ చివర తను కూర్చుని నన్ను కుడివైపు కూర్చోబెట్టుకుంటారు. ఒకసారి నేను ముందే వెళ్లి ఎడమ చివర కూర్చుంటే, లే అమ్మాయ్, ఇది నా చోటు అని లేపేశారు. పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే వచ్చి, ఇవాళ్టి పాట ఒక్కసారి అను అంటారు. నా దగ్గర దొంగిలించి క్లాసులో తన సొంతంలా పాడతారన్నమాట. నేను అటు తిరిగి బట్టలు మడత పెడుతూ ఏదైనా అడిగితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. ఎంత గర్వమో అనుకున్నాను.

ఒకరోజు వరండాలో పిన్నీ, పిల్లి మేడమూ దగ్గరగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను రాగానే ఆపేశారు. ఇంకేముంది, అంతా తేలిపోయింది నాకు. ఈవిడ పిల్లి మేడమ్‌కి వేగు. గోడకి చెవులుంటాయంటారు, మా గదిలో పక్క మంచానికే ఉన్నాయి అనుకున్నాను. నా వంతు వచ్చే రోజు పాఠం ఎలా చెబుతానో రాసుకున్న కాగితాలు దిండు గలీబులో దాచాను. ఆవిడ నిద్రపోయాకే దీపం ఆర్పేదాన్ని. ‘వేగు’ అన్న మాట ఎంత బాగుంటుందో చూడు అమ్మా, రెండక్షరాల్లో ఒక మనిషి గోడవార నక్కి నడుస్తున్నట్టుంటుంది. ఆ మాట మీద మోజుకొద్దీ మనిషికి అంటగట్టేశానేమో అని ఇప్పుడనిపిస్తోంది.

నా వంతు వచ్చింది. మెట్లెక్కినట్టు ఒక్కో స్వరం పైకి వెళ్లి దిగే చిన్న పాట, నువ్వు చిన్న క్లాసుకి చెప్పేదే. బయట నిలబడి లోపలికి వచ్చాను. పియానో మీద స్వరం ఇచ్చాను. అందరూ ఎత్తుకున్నారు. బెంచీల మధ్య నడుస్తున్నాను. బ్యాండు మాస్టారి దగ్గర ఆగాను, ఆయన పసిపాపలా చూశారు, సరే ఈయన కాదని దాటాను. బెంచీ ఎడమ చివరికి వచ్చేసరికి వినిపించింది. పై మెట్టు మీద అందరూ నిలబడితే ఒక గొంతు దాని కింద అంచు పట్టుకుని వేలాడుతోంది. దొరికింది దొంగ అనుకున్నాను. అబద్ధమెందుకు, పిన్నే కావడం వల్ల నా సంతోషం రెట్టింపైంది. పాట ఆపి, పక్కన నిలబడి, “పిన్నీ, మీరే” అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లి మేడమ్ అవునూ అనలేదు, కాదూ అనలేదు. బ్యాండు మాస్టారు మెల్లిగా చెయ్యెత్తి, ఇవాళ తాకింది నన్నే తల్లీ అన్నారు. ఇన్నాళ్లూ ఉత్తి పుణ్యానికి పట్టుకుని, ఇవాళ నిజంగా తప్పు పాడితే వదిలేశారని ఆయన వాపోయేసరికి గదంతా నవ్వు.

పిన్ని నవ్వలేదు. “నేను సరిగ్గానే పాడాను కదా. కావాలంటే వినండి” అని లేచి నిలబడి పాట మొదటి నుంచీ పాడారు.

అమ్మా, పాటంతా దిగే ఉంది. పైకి వెళ్లేకొద్దీ ఇంకా దిగింది. నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఒకాయన ఫ్యాను వైపు చూశారు. ఒకావిడ వంగి, ఊడని చెప్పు బకిలు సరిచేసుకున్నారు. పిన్ని చివరిదాకా పాడి, చూశారా అన్నట్టు మా అందరి మొహాలూ చూశారు. చిన్నదాన్ని, నోరు మూసుకోవాల్సింది. కానీ ఆవిడ కళ్లు నా నోటి మీదే ఆగాయి. “దిగింది పిన్నీ” అన్నాను.

ఆవిడ కూర్చున్నారు. పిల్లి మేడమ్ క్లాసు వదిలేశారు.

మధ్యాహ్నం గదికి వెళ్లాలంటే భయమేసింది. సైకిల్ షెడ్డు చుట్టూ తిరిగి తిరిగి చివరికి వెళ్లాను. పిన్ని కుర్చీలో కూర్చుని ఉన్నారు. క్షమించండి అన్నాను. ఇటు రా, ఇటువైపు కూర్చో అని కుడివైపు మంచం చూపించారు. అప్పుడు తెలిసింది, ఎడమ చెవి ఆవిడకి దాదాపు పనిచెయ్యదని. ఎప్పుడు మొదలైందో ఆవిడకే తెలీదట. జనం ఈ మధ్య నోట్లో నోట్లో గొణుక్కుంటున్నారనే అనుకున్నారట. నా మీద కూడా అనుమానమేనట. నేను తనని చూసి పెదవుల కిందే ఏదో అంటున్నాననీ, పిల్లి మేడమ్‌కి తన మీద చాడీలు చెబుతున్నాననీ. వరండాలో ఆవిడ అడిగింది పాటల రికార్డు కాస్త గట్టిగా పెట్టమని. ఒకే గదిలో ఇద్దరు వేగులం, ఒకరికొకరం కాపలా కాసుకున్నామన్నమాట. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం కూడా.

నవ్వు ఆగాక, నా మీద కోపంగా ఉందా అని అడిగాను. ఆవిడ అన్న మాటలు నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

“నీ మీదెందుకే? ముక్కూ మొహం తెలీని పిల్లవి, విన్నావు, చెప్పావు. మా బళ్లో నాతో కలిసి పాడేవాళ్లున్నారు. మా ఇంట్లో నా కూతురుంది, నా పక్కనే కూర్చుని పాడుతుంది, చెవి కత్తిలాంటిది. దానికి వినబడకుండా ఉంటుందా? వినబడీ నన్నలా ఊరి ముందు నిలబెట్టిందే, కోపం దాని మీద.”

ఆవిడ తిట్టింది వాళ్ల అమ్మాయిని. తగిలింది నాకు.

మర్నాడు పిల్లి మేడమే ఆవిడని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. రెండో చెవి కూడా కొంత తగ్గిందట, యంత్రం పెట్టుకుంటే మాటలు బాగా వినబడతాయి, సంగీతం ఎంతవరకో పెట్టుకుని చూడాలి అన్నారట. పిన్ని కోర్సు మానలేదు. స్వరం తను ఇవ్వకుండా పియానో చేత ఇప్పించి, చేత్తో నడిపిస్తూ నిన్న మాకు పాట నేర్పారు, బాగా నేర్పారు. బడికి రాసే అభిప్రాయంలో పిల్లి మేడమ్ ఏం రాస్తారో చెప్పలేదు. పిన్ని అడగలేదు.

ఇక నా మనసు సంగతి.

అమ్మా, నీ శ్రుతి దిగుతోంది.

రాసేశాను. ఈ వాక్యం రాయడానికి పొద్దుట్నుంచి ఎన్ని అలంకారాలు వెతికానో. ఒక్కటీ పనికిరాలేదు. నాకు ఏడాదిగా తెలుసు. మీ బడి వార్షికోత్సవంలో పిల్లలు నీ గొంతు పట్టుకుని నీతోపాటు దిగిపోతుంటే, పియానో టీచరు మధ్యలో వాయించడం ఆపి పెడల్ ఇరుక్కుందన్నారు చూడు, పెడల్‌కి ఏమీ కాలేదు. నేను ముందు వరుసలోనే ఉన్నాను. ఇంటికొస్తూ పాట బాగా వచ్చిందా అని నువ్వడిగితే, చాలా బాగా వచ్చిందన్నాను. అప్పట్నుంచి ఇంట్లో నువ్వు పాడినప్పుడల్లా నేను గొంతెత్తి కలుపుతున్నాను. నా పాట ఎక్కడ వినబడదో అని దీనికి ఆరాటం అని నాన్నతో అన్నావు. నాది కాదమ్మా, నీది వినబడుతుందని. నాన్నకి, అమ్మమ్మకి తెలియకూడదని. నేను మొదటి జట్టులో వస్తానని పట్టుబట్టింది కూడా అందుకే, ఇక్కడ నిన్నేం చేస్తారో ముందు చూద్దామని.

ఇంకో అనుమానం కూడా చెప్పేస్తాను, తప్పైతే చెవి మెలిపెట్టు. నీకు తెలుసని నా అనుమానం. ఫోన్లో గరగర, ఉత్తరాలు రాసుకుందాం అన్నావు. అదే ఫోనుకి చేసి అమ్మమ్మతో మాట్లాడాను, గరగర లేదు. మొన్నటి ఉత్తరం అడుగున, సంతకం కింద, ‘అక్కడ ఒక్కొక్కరిచేతా విడిగా పాడిస్తారా?’ అని చిన్న అక్షరాలతో రాశావు. అది మామూలు కుతూహలం కాదు. భయం నీకూ ఉంది, నాకూ ఉంది. ఒకే ఇంట్లో ఉండి ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం.

విడిగా పాడిస్తారమ్మా. అందరి ముందూ పాడిస్తారు. నీ సంగతి ఇక్కడ ఎవరో కొత్తవాళ్లు నీకు చెప్పకూడదు. కవరు మీద నీ పేరే రాశాను, నాన్నకి నేనేమీ చెప్పలేదు. చెప్పాలో వద్దో నీ ఇష్టం. హెడ్‌మాస్టరుకి జవాబిచ్చే ముందు ఒక్కసారి చెవుల డాక్టరుకి చూపించుకో. ఒంటరిగా వెళ్లడం కష్టమనిపిస్తే ఆదివారం దాకా ఆగు, కోర్సు అయిపోయి నేను వచ్చేస్తాను, ఇద్దరం వెళదాం. తర్వాత రెండో జట్టుకి వస్తానన్నా సరే, రానన్నా సరే. వస్తే నేనూ నీతో తిరిగి వస్తాను, పిల్లి మేడమ్‌ని అడిగాను, సాయానికి మనిషి కావాలన్నారు. ఎవరికోసం అడిగానో నేను చెప్పలేదు.

కోప్పడతావని తెలుసు. కోప్పడు. ఏడాదిపాటు నోరు మూసుకున్నందుకు ఎంత కోప్పడినా తక్కువే. ఒక్కటి మాత్రం మాటిస్తున్నాను. ఆదివారం సాయంత్రం నువ్వు పాడు. నేను పక్కన కూర్చుని వింటాను. దిగితే దిగిందని చెబుతాను, నిలబడితే నిలబడిందని చెబుతాను. నీ గొంతు మీద నా గొంతు ఇక కప్పను.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పడం మానేసిన
నీ కూతురు