ఖాళీ కాగితాల మీద నేను నింపిన రాతల విషయమై

పురసభ పాలనాధికారి గారి సముఖమునకు,
రెండవ అంతస్తు, ఎడమచేతి గది.

అయ్యా,

విషయం: తొమ్మిదవ వార్డు సభ్యురాలి రాజీనామా చెల్లదనియు, దానిని బలపరచుచు తమరు ఉదహరించిన ఫోటో అబద్ధమనియు, ఆ అబద్ధము చేసినది నేనేననియు విన్నవించుకొనుట గురించి.

సూచిక: ఇదే విషయమై నేను పెట్టుకొన్న రెండు అర్జీలు, వాటికి తమ కార్యాలయము ఇచ్చిన ఒకే ఒక్క జవాబు.

తమ కార్యాలయమునకు నాలుగు వీధుల అవతల ముప్పది ఒక్క సంవత్సరములుగా ఫోటో స్టూడియో నడుపుకొనుచున్న నేను వినయపూర్వకముగా చేసుకొను మనవి ఏమనగా:

1. ఈ సంవత్సరము "ఆమె కుర్చీ, ఆమె మాట" అను పేరున తమ కార్యాలయము ఒక ప్రదర్శన తలపెట్టినది. పన్నెండుగురు మహిళా సభ్యుల ఫోటోలు తీసి, ఎవరి కథ వారి మాటల్లోనే రాసి, కార్యాలయపు మెట్ల గోడకు తగిలించవలెనని, అవి చూసి మరింతమంది ఆడవాళ్ళు పోటీకి ముందుకు రావలెనని తమ ఉద్దేశము. ఆ పని నాకు అప్పగించినారు. అంతవరకు పెళ్ళికూతుళ్ళ మొటిమలు చెరపడం తప్ప నా చేతిమీదుగా లోకానికి ఒరిగింది ఏమీ లేదు కనుక ఎగిరి గంతేసి ఒప్పుకొన్నాను.

2. సదరు పన్నెండుగురిలో పదకొండుగురు భర్తలను వెంటబెట్టుకొని స్టూడియోకు వచ్చినారు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే భర్తలే వారిని వెంటబెట్టుకొని వచ్చినారు. నేను ఆమెను అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు. నాలుగవ వార్డు భర్తగారైతే తానే కుర్చీలో కూర్చొని, చొక్కా సర్దుకొని, ఇక తీయమన్నారు. అందుకు తమను నిందించడం లేదు. ఆ పదకొండు కథలూ నేను ఆ భర్తల నోటినుంచే రాసుకొని, కింద భార్యల పేర్లు వేశాను. ఆ పాపం కూడా ఈ అర్జీలోనే కలిపి రాసుకోండి.

3. తొమ్మిదవ వార్డు సభ్యురాలు బట్టలు కుట్టుకొని బతికే మనిషి. పని వదిలి రాలేనన్నది కనుక నేనే వారింటికి వెళ్ళాను. కరెంటు మిషను మీద పిల్లల యూనిఫారాలు కుడుతోంది. పక్కన ఒక కట్ట తెల్లకాగితాలు. మధ్యమధ్యలో మిషను ఆపి, ఒక్కొక్క కాగితానికి అట్టడుగున సంతకం పెట్టి పక్కన పడేస్తోంది. ఇవేమిటమ్మా అని అడిగాను. "బావగారు పంపిస్తారండీ, వారానికో కట్ట. కింద నేను సంతకం పెడతాను, పైన వాళ్ళకి కావలసింది వాళ్ళు రాసుకుంటారు," అంది, బొత్తాలు కుట్టడం గురించి చెప్పినంత మామూలుగా. సదరు బావగారు, అనగా ఆమె భర్తకు అన్నగారు, పురసభ రోడ్లు, మురుగుకాలువల కాంట్రాక్టులు చేయుదురు, సొంత లారీలు కలవు. ఆడవారికి కేటాయించిన వార్డులో తాను నిలబడరాదు కనుక తమ్ముడి భార్యను నిలబెట్టినారు.

అప్పుడే ఆమె తన కథ చెప్పింది. మూడేళ్ళలో ఒక్కసారి, ఎందుకో తెలియదు, బావగారు ముందే రాసి ఉన్న కాగితం పంపారట. సంతకం పెట్టబోతుంటే కరెంటు పోయింది. మిషను ఆగింది. ఊరికే కూర్చోవడం చేతకాక ఆ కాగితం చదివింది. మార్కెట్టులో కూరలమ్మే ఆడవాళ్ళకు మరుగుదొడ్లు కట్టడానికి ఉంచిన స్థలాన్ని లారీలు నిలిపే షెడ్డుకు ఇచ్చేయడానికి తొమ్మిదవ వార్డుకు అభ్యంతరం లేదని దాని సారాంశం. సంతకం పెట్టలేదు. "పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా కూర్చుంటారండీ వాళ్ళు. మా అమ్మా అక్కడే అమ్మేది," అంది. నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకొన్నాను. నా జీవితంలో రాసిన నిజం అదొక్కటే.

4. ఇక నా నేరము. ఫోటో అచ్చువేసి తెస్తే తమ హెడ్ గుమాస్తాగారు చూసి, అంతా బాగుంది గానీ కాగితాలు తెల్లగా బోసిగా ఉన్నాయి, నాయకురాలు పని చేస్తున్నట్టు లేదు, వాటిమీద ఏదో రాసి ఉంటే నిండుగా ఉండేదన్నారు. పెద్దాయన మాట కాదనడమెందుకని నేను కంప్యూటరు ముందు కూర్చొని ఆ ఖాళీ కాగితాలన్నిటి నిండా అక్షరాలు నింపాను. తిమ్మిని బమ్మిని చేయడమే కదా మా వృత్తి. ఎవరికైనా పుట్టుమచ్చ తీసేస్తాం, ఎవరికైనా జుట్టు పెడతాం. అందులో మోసం ఉందని ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు కూడా తోచలేదు. మర్నాడు పెళ్ళి ఒకటి తీయాల్సి ఉండి కెమెరా కార్డు ఖాళీ చేశాను. మొదటి అచ్చు అప్పుడే చించేశాను. అసలు ఫోటో ఇక ఈ భూమ్మీద లేదు.

5. ప్రదర్శన ఘనంగా ప్రారంభమైనది. తమరు స్వయముగా ఆ కథ చదివి చప్పట్లు కొట్టినారు. కథలో బావగారి పేరు లేదు, లారీల ఊసు తప్ప ఇంకేమీ లేదు. అయినా గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నట్టు ఆయన ఆ సాయంత్రమే మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డారట. తొమ్మిదో రోజున సదరు సభ్యురాలు అనారోగ్య కారణమున రాజీనామా చేసినట్లు కాగితము తమకు అందినది. నేను దానిని హెడ్ గుమాస్తాగారి బల్లమీద చూశాను. పైన టైపు చేసిన నాలుగు వరుసలు, తరువాత జానెడు ఖాళీ, అట్టడుగున సంతకం. అయ్యా, నాలుగు వరుసలు రాసినవాళ్ళు ఐదో వరుసలో సంతకం పెడతారు గానీ కాగితం చివరిదాకా నడిచి వెళ్ళి పెట్టరు కదా.

6. ఈ సంగతి నా మొదటి అర్జీలో విన్నవించుకొన్నాను. దానికి జవాబుగా తమ కార్యాలయము పంపిన వాక్యమును ఉన్నది ఉన్నట్టు దిగువ ఉదహరించుచున్నాను: "ప్రదర్శనలోని ఫోటోను పరిశీలించగా సదరు సభ్యురాలు పూర్తిగా వ్రాసియున్న కాగితములపై మాత్రమే సంతకము చేయు అలవాటు గలవారని స్పష్టమగుచున్నందున అర్జీదారు ఆరోపణ నిరాధారమని తేల్చడమైనది."

అది చదివాక గిరాకీ వచ్చి పిలిచినా లేవలేదు. ఆమె మెడకు తాడు పేనింది ఎవరో కాదు, నేనే.

7. రెండవ అర్జీలో నా తప్పు ఒప్పుకొంటూ ఒక రుజువు కూడా చూపించాను. ఆ అక్షరాలు నేను నా కెమెరాతో వచ్చిన హామీపత్రం నుంచి తీసి అతికించాను. భూతద్దం పెట్టి చూస్తే మొదటి కాగితం మీద "నీటిలో తడిసినచో ఈ హామీ వర్తించదు" అని ఉంటుంది. పురసభ సభ్యురాలు అలాంటి కాగితం మీద సంతకం పెట్టవలసిన అవసరమేమిటో తమరే ఆలోచించండి. దానికి జవాబు రాలేదు. నేనే భూతద్దం తీసుకొని మెట్లెక్కి చూశాను. ఏమీ కనబడలేదు. చూసేవాళ్ళకు అతుకు తెలియకూడదని అక్షరాలను మసకబారేలా చేశాను, అంత చక్కగా చేశాను. నా పనితనం తగలెయ్య.

8. నిబంధన ప్రకారము రాజీనామా ఇచ్చిన పదిహేను రోజులలోగా సదరు సభ్యురాలు స్వయముగా తమ ఎదుట హాజరై వాపసు తీసుకొనవచ్చును. నేడు పద్నాలుగో రోజు. ఈ పద్నాలుగు రోజుల్లో నేను వారింటికి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ భర్త గుమ్మంలో అడ్డంగా నిలబడి, ఒంట్లో బాగాలేక పడుకొని ఉందన్నాడు. లోపల మిషను చప్పుడు నాకు వినబడుతోందని అతనికీ తెలుసు. నోట్లో నాలుక లేని మనిషి, అన్న మాట జవదాటడు. మూడోసారి మాత్రం గొంతు తగ్గించి, "మీరు రాకండి. మీరొచ్చి వెళ్ళిన రోజున ఇల్లు నరకమైపోతోంది," అన్నాడు. దండం పెట్టినట్టే అన్నాడు. తిట్టినా బాగుండేది.

కావున, రేపు సాయంత్రము ఐదు గంటలలోగా తమరు గానీ, తమ తరపున ఎవరైనా ఆడ ఉద్యోగి గానీ వారింటికి వెళ్ళి, ఇంట్లో వారందరినీ బయటకు పంపి, ఆమెను ఒంటరిగా ఒక్క ప్రశ్న అడగవలెనని ప్రార్థన. ఆ ప్రశ్న కూడా నేనే రాసి ఇస్తాను: ఈ కాగితం నువ్వు చదివావా? అంతే. అవునంటే నన్ను తప్పుడు ఫోటో ఇచ్చిన నేరానికి జైల్లో పెట్టండి. కాదన్నా పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకొంటున్నానని తమరు అనవచ్చు. కాలినవి నా చేతులు కావు, అదే నా బాధ.

తమరు కుర్చీ కదలరని నాకు తెలుసు. రెండు అర్జీల అనుభవంతో చెబుతున్నాను. అయినా రాయకుండా ఉండలేక రాసినది, ఓపిక ఉన్నంతవరకు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
స్టూడియో యజమానురాలు

తా.క. కవరుకు జిగురు రాస్తుండగా వాళ్ళే వచ్చారు. బావగారు, ఆయన చిన్నతమ్ముడి భార్య, వెనక మన కుట్టుపనావిడ. ఖాళీ అవబోయే సీటుకు ఈ చిన్నకోడలిని నిలబెడుతున్నారట. నామినేషనుకు మూడు ఫోటోలు కావాలి. ఆ పిల్లకు ఇరవై మూడేళ్ళుంటాయి. ఒక్కతే లోపలికి రావడానికి భయపడుతుంటే తోడికోడలిని తోడు తెచ్చారు. లైట్లు వేశాక గది ఇరుకు, నీడలు పడతాయని చెప్పి నేను ఆయన్ని బయట బల్లమీద కూర్చోబెట్టాను.

తలుపు వేసి ఆమె చెయ్యి పట్టుకొన్నాను. వెనక గుమ్మం ఉంది, నాలుగు వీధులు దాటితే ఆఫీసు, ఇప్పుడే పద, వాపసు తీసుకో అన్నాను. చాలా శాంతంగా అడిగింది: "తీసుకుంటాను. తీసుకుని రాత్రికి ఏ ఇంటికి వెళ్ళను?" మా ఇంటికి రమ్మన్నాను. "ఎన్నాళ్ళండీ?" అంది. నేను లైటు స్టాండు సర్దడం మొదలుపెట్టాను.

తరువాత ఆ చిన్నదాని జుట్టు సర్ది, స్టూలు మీద నిటారుగా కూర్చోబెట్టి, నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "ఆ మెట్ల గోడ మీంచి నా ఫోటో తీయించెయ్యండి. ఇది నామినేషను వెయ్యడానికి అటే ఎక్కాలి. ఆ కథ చదివి, తరవాత నాకేం జరిగిందో గుర్తొచ్చి, ఇది జన్మలో ఏ కాగితమూ చదవదు."

కనుక నా మూడవ అర్జీలోని కోరిక ఎటూ తీరదు గాబట్టి, దానిని రద్దు చేసుకొని ఈ చిన్న కోరిక కోరుచున్నాను. తొమ్మిదవ వార్డు ఫోటో దింపించండి. బంట్రోతును పంపకండి, గోడ పాడుచేస్తాడు. మేకు నేను కొట్టిందే. రేపు ఐదు దాటాక నేనే వచ్చి తీసుకుపోతాను.