పోపు పొగలో మొదటి షాట్

ఆదివారం రాత్రి, కాపెల్, టెక్సస్

నిద్ర రావడం లేదు. సల్మా తన మొదటి సినిమా మొదటి షాట్ మా వంటింట్లో తీసింది. అందులో ఉన్నది నేను!

ఏళ్ల తరబడి మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో టెస్టర్‌గా పనిచేస్తూ, లంచ్ టైమ్‌లో సీన్లు రాసుకున్న ట్యునీషియా అమ్మాయి, పోయిన నెల ఉద్యోగం మానేసి డైరెక్టరైపోయింది. వీసా రిజెక్ట్ అయిందని లాయర్ ఫోన్ చేస్తే నేను వినాలి, అంతే సీను. పొద్దున్నుంచి ఎంత ఏడ్చినా అబద్ధంలాగే ఉంది.

చివరికి, ఆఫీసులో ఏ బగ్ దొరికినా మమ్మల్ని అడిగే ప్రశ్నే అడిగింది. "దీనికి ముందు ఏం చేస్తున్నావు?"

"వంట," అన్నాను.

"అయితే వండు."

పప్పులో పోపు వేశాను. సీను ప్రకారం ఫోన్ మోగింది. ఎత్తేలోపు స్మోక్ అలారం కూడా అందుకుంది. కెమెరా సంగతే మరిచిపోయి, ఫోన్ భుజానికి నొక్కిపట్టుకుని, అలవాటుగా టవల్‌తో అలారం కింద విసురుతూ "ఓకే, ఓకే" అంటూ విన్నాను. షాట్ పాడుచేశాననుకున్నాను. సల్మా కట్ చెప్పలేదు. కళ్లు తుడుచుకుంటూ, "ఇదే కావాలి" అంది. పోపు ఘాటేమో మరి.

మా ఆయన మాత్రం, "ఆమెకి గ్రీన్‌కార్డ్ ఉంది. నువ్వు హెచ్‌వన్‌బీ మీదున్నావ్, ఆఫీసు పని తప్ప ఇంకో పని చేయకూడదు, గుర్తుందా?" అన్నాడు. గుర్తుంది. ఆ ఫోన్‌లో నా భయం నటన కాదు.

రేపు మీటింగ్‌లో మేనేజర్ వీకెండ్ ఏం చేశావని అడుగుతాడు. ఎప్పటిలాగే "నథింగ్ మచ్" అనాలి.

అది మాత్రం నటించాలి.