మేడ మీద ఆదివారం సాయంత్రాలు

కంచరపాలెం,
విశాఖపట్నం,
9-3-1986.

నారాయణమ్మ వదినకు, అన్నయ్యగారికి,

గౌరీశ్వరి నమస్కరించి రాస్తున్నది. అత్తమ్మ, మీ తమ్ముడు, పిల్లలు, నేను ఇక్కడ బాగున్నాం. రాజాంలో మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇన్నేళ్లకు నా చేతిరాత చూసి కవరు గూట్లో పడేయకు వదినా. తిట్టుకుంటూనైనా సరే, చివరిదాకా చదువు.

మన టైలరింగ్ షాపు మీద ఒక గది వేశాం. వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం ప్రారంభం. ఆ గది డాన్సు కోసమే. దాచి ఏం లాభం?

డెబ్బై అయిదులో నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు, కుళాయి దగ్గర ఎవరో చెప్పారని రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డావు. మీ తమ్ముడు నా నడుం మీద చెయ్యి వేసి తిప్పుతుండగా చూశావు. మర్నాడు అన్నం ముట్టకుండా బస్సెక్కేశావు. ‘అమ్మ ఈదిలో తలెత్తుకోనేదురా ఇంక’ అన్నావు. నువ్వు చూసింది ఆ ఒక్క సాయంత్రమే.

దానికి ముందు సంగతి ఇది. రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు గారి భార్య, రోజారియో దొరసాని, నీలం శాటిన్ గుడ్డ పట్టుకుని మన షాపుకొచ్చింది. వేరేచోట కుట్టించిన గౌను డాన్సులో కాళ్లకు చుట్టుకుంటోందట. ఎలాగో చూపిస్తానని మిషనుకీ గోడకీ మధ్య గిర్రున తిరిగింది. నేను కత్తెర పట్టుకుని అలాగే ఉండిపోయాను. నువ్వొచ్చి హాల్లో చూడాలి గౌరీ అంది. అప్పుడే అక్కడి బ్యాండులో అకార్డియన్ వాయించేవాడికి ఖరగ్‌పూర్ బదిలీ అయింది. దానికీ హార్మోనియంలాంటి మెట్లే కదా అని, పోర్టు డ్యూటీ దిగి భజనలో హార్మోనియం వాయించుకునే మీ తమ్ముణ్ణి పట్టుకెళ్లారు. అలా శనివారాలు ఆయన వాయించేవాడు, నేను కుట్టిన గౌన్ల అంచులు ఎలా తిరుగుతున్నాయో చూసుకునేదాన్ని. ఒకరోజు దొరసాని ఆయన భుజం మీంచి ఆ అకార్డియన్ పెట్టె తీసేసి మా ఇద్దర్నీ మధ్యలోకి తోసింది. ‘ఏటీ నేదే, మన బజన్లో తకిట తకిట తిశ్రమే గదా, అడుగెయ్యి’ అన్నాడు మీ తమ్ముడు. అప్పటికి పిల్లలు పుట్టినా, నలుగురిలో ఆయన చెయ్యి పట్టుకోవడం నాకదే మొదలు వదినా.

నువ్వు వెళ్లాక వీధి వీధంతా మాటలే. ఇచ్చిన జాకెట్టు గుడ్డలు తిరిగి అడిగి పట్టుకుపోయారు. మిషను మీద దుమ్ము. మీ తమ్ముడు అకార్డియన్‌ని మంచం కిందకి తోసేశాడు. డ్యూటీ నుంచి వచ్చి, తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను మళ్లీ హాలు పేరెత్తలేదు. అత్తమ్మ తలెత్తుకోలేదన్న నీ మాట మా ఇద్దర్నీ అంతలా పట్టుకుంది.

చివరికి ఆ పెట్టెను మంచం కింద నుంచి బయటికి లాగింది ఎవరో తెలుసా? అత్తమ్మే. ‘ఇల్లు సచ్చిపోయినట్టున్నాదిరా. పిల్లల్ని నాను సూసుకుంటాను, ఎల్లండి. నలుగురూ ఏటన్నా నాను ఇంటాను, మీరు ఇనకండి’ అంది. అంతటితో ఊరుకుందా! పుట్టి బుద్ధెరిగాక రవిక తొడగని మనిషి, గళ్ల గుడ్డ కొనుక్కొచ్చి, వీధిలో అందరికీ కనబడేలా షాపు ముందు స్టూలు మీద కూచుని నా చేత కొలతలు తీయించుకుంది. ఆ రవిక తొడుక్కుని ఇంటింటికీ తిరిగింది. మొదట నవ్వారు. తర్వాత ఒకరి వెనక ఒకరు గుడ్డలు పట్టుకొచ్చారు.

రోజారియో వాళ్లు ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. వెళుతూ దొరసాని తన గ్రామఫోను మాకిచ్చింది. ఒక్కొక్క కుటుంబమే కదిలిపోయి హాలు పలచబడింది. ఆ శనివారాలు తలచుకుంటే ఇప్పటికీ అడుగు తేలిగ్గా జారడానికి నేల మీద చల్లే ఆ తెల్లపొడి వాసన వస్తుంది నాకు. ఇప్పుడు స్టీల్ ప్లాంటు ఉద్యోగాలకని భిలాయి నుంచీ రూర్కెలా నుంచీ వచ్చిన దంపతులు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చి, నేర్పమని అడిగారు. ఆదివారాలు ఇరుకింట్లోనే నేర్పాం, అందుకే ఈ గది. అత్తమ్మ గుమ్మంలో కూచుని ‘తాళం ఎక్కడ పారేసుకున్నావే’ అని ఆ హిందీవాళ్లని గదమాయిస్తుంది. వాళ్లకు అర్థం కాదు, అయినా సర్దుకుంటారు!

ప్రారంభానికి నువ్వు, అన్నయ్యగారు రావాలి. నారాయణమ్మ రాకపోతే రిబ్బను కత్తిరించనని అత్తమ్మ పంతం పట్టింది.

నీ ఆశీర్వాదం కోరే
మరదలు,
గౌరీశ్వరి

తా.క.: పైన రాసినదంతా మీ తమ్ముడు చదివాడు. ఈ కింది నాలుగు ముక్కలూ ఆయన చూడనివి. వదినా, ప్రారంభం దాకా ఆగకు. ఆయనకు కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి నరమూ ఎండిపోతోందని, ఎక్కువ కాలం నిలవదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. అకార్డియన్ ఒక శిష్యుడికి ఇచ్చేశాడు. డాన్సులో నేను ఆయన భుజం మీద వేలితో తాళం నొక్కుతాను, ఎవరికీ తెలియదు. అక్కకు రాయొద్దు, జాలిపడి రావడం వద్దన్నాడు. కానీ మొన్న నన్నడిగాడు: ‘అక్క నన్ను సీరామూ అని ఎలాగ పిలిచీదే? నువ్వోపాలి అను.’ అన్నాను. అలాక్కాదన్నాడు. మళ్లీ అన్నాను. నా గొంతులో అది రాలేదు. వచ్చి ఎడమ చెవి దగ్గర ఒక్కసారి అలా పిలువు. తిట్టడానికైనా సరే, రా.